అమ్మ బుగ్గ మీది మచ్చ

మా అపార్ట్‌మెంటులో ఈ వారం తలుపులకు రంగులేస్తున్నారు. టర్పెంటైన్ వాసనకు అందరికీ తలనొప్పి వస్తుంది. నాకు గుండె దడ వస్తుంది.

రేపల్లెలో మా ఇంటికి డిసెంబరంటే గోడలకు సున్నం, తలుపులకు ఆకుపచ్చ రంగు, వంటింట్లో అరిసెల పాకం, చలిగాలికి వసారాలో ఊగే కాగితం నక్షత్రం. నాయనమ్మకు మసి అంటే పడదు. "యేసయ్య పుట్టే ఇంట్లో మసేంటే" అంటూ లాంతరు చిమ్నీలు నా చేత ముగ్గుపిండితో తోమించేది.

మసి పట్టిన వాటిలో అమ్మ పటం కూడా ఉంది. నాకు ఏడాది నిండకుండానే అమ్మ పోయింది. పెళ్ళి ఫొటో గాలివానకు తడిసి ముద్దయింది. మిగిలిందల్లా, తెనాలిలో నాటకాల తెరలు వేసే ఆర్టిస్టు ఆమెను ఎదుట కూర్చోబెట్టి వేసిన ఆ రంగుల బొమ్మ ఒక్కటే. అది పొయ్యి పొగకు ఎంత నల్లబడిందంటే, అమ్మ ముఖం నాకెప్పుడూ మబ్బులోనే కనిపించేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తలుపుల రంగులో కలపగా మిగిలిన టర్పెంటైన్‌లో పాత వాయిలు గుడ్డ ముంచి తుడిచాను. పొగ వదిలి బుగ్గ మెరిసింది. పండక్కి నాన్న మురిసిపోతాడనుకున్నాను. దాని మీద ఒక నల్లటి చుక్క కనిపిస్తే ఈగ రెట్ట అనుకుని, అది పోయేదాకా రుద్దాను. గుడ్డకు మసితోపాటు గులాబీ రంగు కూడా అంటింది. నాకేమీ అనుమానం రాలేదు.

బాపట్లలో మేష్టరుగా ఉండే నాన్న శనివారం రైలు దిగి వచ్చి, పటాన్ని మేకు నుంచి దించి వెలుతురుకు పట్టి చూశాడు.

"మచ్చేదే అమ్మడూ?"

"ఈగ రెట్టనుకున్నా నాన్నా."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కబురందుకుని తెనాలి నుంచి ఆర్టిస్టు వచ్చాడు. "పై రంగు వార్నీషులో కలిపి వేశానండి, టర్పెంటైన్ తగిలితే రెండూ కలిసి లేచొచ్చేస్తాయి" అని, కుంచె తడిపి అడిగాడు: "మచ్చ ఎక్కడ పెట్టమంటారు?"

"పెదవి పక్కన" అంది నాయనమ్మ.

"కాదమ్మా, కంటి కింద" అన్నాడు నాన్న.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొగచూరిన పటంలో ఆ మచ్చను ఎవరూ చూసి ఏళ్ళయింది. ఆర్టిస్టు కుంచె తుడిచేసుకుని, "మీకు ఖాయంగా గుర్తొచ్చిన రోజు కబురు పెట్టండి" అని వెళ్ళిపోయాడు. ఆ కబురు వెళ్ళలేదు.

ఆ ఇల్లు లేదు, చిమ్నీలు లేవు, మచ్చ ఎక్కడుందని వాదించుకోవడానికి వాళ్ళిద్దరూ లేరు. పటం మాత్రం నా గదిలో ఉంది, ఒక బుగ్గ పాలిపోయి. అమ్మ మచ్చను ఆఖరిసారి చూసింది నేనే, అదీ జానెడు దూరం నుంచి. ఎక్కడ చూశానో ఎంత తలుచుకున్నా గుర్తురాదు; రుద్దిన చెయ్యే గుర్తొస్తుంది.