సముద్రం లేని ఊళ్ళో సైరన్

ఈ ఉదయం మా దీవిలోని డిగ్నాబాద్‌లో విపత్తు కసరత్తని సైరన్ మోగించారు. ముందే మైకులో చెప్పారు, అయినా గుండె దడదడలాడింది. అబర్డీన్ బజార్‌లోని కొట్టు నుంచి మా ఆయన ఫోన్ చేసి, భయపడకు, ఉత్తుత్తిదే అన్నారు. భయం నాకా! పోయిన మా అత్తయ్య గుర్తొచ్చారంతే.

మా అమ్మాయి ఇక్కడికి స్కూబా నేర్పడానికొచ్చిన ఫ్రాన్స్ కుర్రాణ్ణి చేసుకుంది. దాని పురిటికి నేనూ అత్తయ్యా ఫ్రాన్స్‌లో వాళ్ళ ఊరెళ్ళాం. ఊరంటే ఊరా అది! కొండవాలులో నాలుగు రాతి ఇళ్ళు, ఓ బుల్లి చర్చి, మనుషుల కంటే ఆవులే ఎక్కువ. రొట్టె కొరికితే పళ్ళు కదిలేవి. సముద్రం మాత్రం ఎటు చూసినా లేదు. అదొక్కటే అత్తయ్యకు నచ్చింది. సునామీ నాడు మా హట్ బే తీరంలో ఆవిడ చేతిలోంచి చిన్న కూతురు జారిపోయింది. ఆ పిల్ల ఊసు ఇంట్లో ఎవరమూ ఎత్తం.

ఒక బుధవారం మధ్యాహ్నం అమ్మాయి స్నానానికెళ్ళింది, నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. లోయలోంచి సైరన్ లేచింది. లోపలికి పరుగెత్తేసరికి ఉయ్యాల ఖాళీ. నెల పిల్ల లేదు, అత్తయ్యా లేరు. పనిచేస్తోందో లేదో చూడడానికి నెలనెలా మోగిస్తారట దాన్ని. వాళ్ళకది చర్చి గంటతో సమానం, అందుకే మాకెవరూ చెప్పలేదు. అమ్మాయి తడిజుట్టుతోనే గొల్లుమంది. అల్లుడూ ఇరుగుపొరుగూ వాగు దగ్గరికి, రోడ్డు మీదికి, అంతా కిందికే పరుగెత్తారు. నేను కొండెక్కాను. సైరన్ వింటే మా దీవులవాళ్ళం ఎటు పోతామో నాకు తెలియదూ!

సన్నటి చినుకులు, ఎముకలు కొరికే చలి. ఆ చలికి పసిగుడ్డు ఏమైపోతుందోనని ఏసయ్యా, ఏసయ్యా అనుకుంటూ ఎక్కాను. గొర్రెల కంచె దగ్గర రాతిమీద కూర్చునున్నారు అత్తయ్య. పిల్ల ఆవిడ శాలువాలో వెచ్చగా నిద్రపోతోంది. ఇవ్వమంటే ఇవ్వలేదు.

"మిగతావోళ్ళు కిందే ఉండిపోనారు. ముందు ఆళ్ళని పిలువు. సబ్‌కో బులావ్."

గొంతు చించుకుని పిలిచాను. అల్లుడు, అమ్మాయి, ఆయాసపడుతూ పక్కింటి ముసలామె, ఊరు ఊరంతా పైకొచ్చింది. సైరన్ ఉత్తదేనని అల్లుడు చెప్పబోతే నేనే చెయ్యిపట్టి ఆపాను. అత్తయ్య ఒక్కొక్కరి ముఖమూ చూశారు. పక్కకి జరిగి, "బైఠో దీదీ" అన్నారు ముసలామెతో. ఏ భాషో తెలియకపోయినా ఆవిడ కూర్చుంది.

అప్పుడు పిల్లని మా అమ్మాయి చేతుల్లో పెట్టి, "ఈపాలి వదల్లేదమ్మా," అన్నారు అత్తయ్య. నాకు ఏడుపు ఆగలేదు.

గడిచిన కాలం తిరిగిరాదంటారు. ఎందుకు రాదు? ఆ మధ్యాహ్నం మా అత్తయ్య కోసం కొండెక్కి వచ్చింది.