నెత్తళ్ల మధ్య లెక్కల క్లాసు

పక్క వాటాలో ఎవరో ఎండు నెత్తళ్లు, ఆ వేలెడేసి చేపలు, వేయిస్తున్నారు. పట్నం వచ్చి మద్దిలపాలెంలో నేను అద్దెకుంటున్న ఇంటివాళ్లకు ఈ వాసన గిట్టదు, కిటికీలు మూసేసుకుంటారు. నేను మాత్రం బార్లా తెరుస్తాను. ఈ వాసన తగలగానే నాకు ఇంటర్ లెక్కలూ పోలమ్మత్తా కలిసే గుర్తొస్తారు.

కరోనా ఏడాది, నేను సముద్రపొడ్డున మా ఊళ్లో ఇంటర్ చదువుతుండగా, కాలేజీ మూసేసి పాఠాలు ఫోన్‌లో చెప్పడం మొదలుపెట్టారు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్ నాన్నతోపాటు వేటకు పోయేది. లెక్కలు తప్పితే రొయ్యల కంపెనీలో పనికి పెడతానని అమ్మ ముందే చెప్పింది. అమ్మను తప్పుపట్టను, తనూ అక్కడే పనిచేసేది. అప్పుడు పక్కింటి పోలమ్మత్త, ఎండుచేపల బేరాలకు కొనుక్కున్న ఫోన్‌ను రోజూ పొద్దున రెండేసి గంటలు నాకిచ్చేది. సిగ్నల్ ఆమె డాబా మీదే అందేది. అక్కడ పట్టాల నిండా ఎండబెట్టిన నెత్తళ్లు. నేనొక మూల కూర్చుంటే ఆమె కర్ర పట్టుకుని కాకుల్ని తోలేది.

అత్తకు చదువు రాదు. మేష్టారు మనకు కనిపిస్తున్నప్పుడు మనమూ ఆయనకు కనిపిస్తామని ఆమె గట్టి నమ్మకం. కెమెరా ఆపేశానని ఎంత చెప్పినా వింటేనా! క్లాసు మొదలవగానే కొంగు సర్దుకునేది. ఎవరైనా మెట్లెక్కి వస్తే “మేస్టారు సూత్తన్నారు” అని అక్కడే ఆపేసేది. నాకు నవ్వొచ్చేది, కొంచెం నామోషీగానూ ఉండేది. మైకు తెరిస్తే ఆ కాకులూ మా యాసా అందరికీ వినబడతాయని మూడు నెలలు నోరు విప్పలేదు. అర్థం కాని పాఠాలు పేరుకుపోయాయి.

ఒకరోజు త్రికోణమితి చెబుతుంటే పుస్తకం మూసేసి కళ్లు తుడుచుకున్నాను. అత్త చూసింది.

“ఏటయిందే?”

“ఒక్క ముక్కా అర్థం కాలేదత్తా. నాను కంపినీకే పోతాను.”

“మేస్టార్ని అడిగినావేటి?”

“అందరూ వింతారు.”

“విననీ. అడగందే అమ్మయినా పెట్టదు. నీకు రాలేదని ఆయనకెలాగ తెలుత్తాది?”

అని ఫోన్ ముందు చేతులు జోడించింది. “బాబూ, మా పిల్లకి తెలీలేదట. మళ్లీ సెప్పండి.”

మైకు ఆపేసి ఉంది. సారు తన మానాన తాను చెప్పుకుపోతున్నారు. అత్త ముఖం చిన్నబోయింది.

“పలకడేటే? నానేటైనా తప్పుగా అన్నానా?”

ఆ ముఖం చూడలేకపోయాను. నా సిగ్గు కంటే అదే ఎక్కువ బాధనిపించింది. మైకు నొక్కాను. “సార్, నాకు అర్థం కాలేదండీ.”

సారు ఆగారు. “మంచిదమ్మా. ఇంకెవరికి కాలేదు?” అన్నారు. ఒకరి తర్వాత ఒకరు, సగం క్లాసు చేతులెత్తింది. ఆయన మొదటి నుంచి మళ్లీ చెప్పారు.

“సూసినావా, ఎంత మంచోడో,” అంది అత్త, తన మాట విన్నాడని. నేను నిజం చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి అడుగుతూనే ఉన్నాను. లెక్కలు గట్టెక్కాయి, డిగ్రీ అయింది. అత్త హాయిగానే ఉంది, చేపల బేరం మానలేదు. ఇప్పుడు నేనే ఫోన్‌లో లెక్కలు చెబుతున్నాను. ఎక్కడెక్కడి ఊళ్ల పిల్లలో వింటారు, మైకులన్నీ మూసుకుని. కష్టమైన చోట ఆగి, “అర్థం కాలేదని ఒక్కరైనా అనేదాకా ముందుకు వెళ్లను,” అంటాను. నాకు తొందర లేదు. అడగమని తోసేవాళ్లు ఆ పిల్లల పక్కన ఉన్నారో లేరో నాకు కనబడదు కదా.