అరంగుళం

ఆ వీధిలో దర్జీని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. 'అరంగుళం మాస్టారు' అంటేనే తెలుస్తుంది. కొలతలు తీసుకున్నాక టేపు మెడలో వేసుకుని, ఎదుటివాళ్ళ ముఖంలోకి చూడకుండా, "ఒక అరంగుళం వదులుదాం లెండి" అనడం అతని అలవాటు. పెళ్ళికూతురికైనా అంతే, పోలీసాయనకైనా అంతే. మనిషన్నాక తింటాడు, కూర్చుంటాడు, ఊపిరి పీలుస్తాడు, ఏడుస్తాడు. వీటన్నిటికీ చోటుండాలి కదా అంటాడు. ఇరవై రెండేళ్ళుగా అదే కొట్టు. రెండు మిషన్లు, ఒక బల్ల, ఇస్త్రీ పెట్టె, తెర కట్టిన మూల, నిలువుటద్దం. ఆ అద్దం ముందు నిలబడి తమ వొళ్ళు చూసుకుని చిన్నబుచ్చుకున్న ముఖాలు అతను చూసినన్ని ఏ డాక్టరూ చూసి ఉండడు. అందుకేనేమో, కొట్లో ఎవరి కొలతా పైకి చదవడు. పెదాలు కదపకుండా పుస్తకంలో రాసుకుంటాడు.

అతని భార్య రెండు వీధుల అవతల బేకరీలో బ్రెడ్డు కోసే మిషను దగ్గర పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. బ్రెడ్డుకి అటూ ఇటూ ఉండే రెండు కొసలూ ఎవరూ కొనరు. అవి పనివాళ్ళవే. వేడివేడిగా, కరకరలాడుతూ, టీలోకి అంతకంటే ఏం కావాలి? పద్దెనిమిదేళ్ళు ఆ కొసలు తిన్నది. "నేను బ్రెడ్డు తినలేదమ్మా, బ్రెడ్డు అంచులు తిన్నాను. అంచులే ఇంత పని చేశాయి" అని తన నడుము మీద తనే జోకులేసుకునేది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు. బడిలో లెక్కల టీచరు. బావగారి కొట్టుకొచ్చి, అక్కని ఏడిపించి, టీ తాగి వెళ్ళే మనిషి.

ఆ చెల్లెలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. మంచినీళ్ళు కూడా గ్లాసు కొలిచి తాగాలి. అక్క తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. రక్తం సరిపోయింది, పరీక్షలన్నీ సరిపోయాయి. సరిపోనిది ఒక్కటే.

"ఎనభై ఆరు" అంది డాక్టరమ్మ, తూకం మిషను వైపు చూస్తూ. "డెబ్భై ఆరుకి రావాలి. ఈ బరువుతో కోస్తే మీకే ప్రమాదం."

"పది కిలోలా! కిడ్నీ ఎంత బరువుంటుంది డాక్టరుగారూ?"

"నూట యాభై గ్రాములు ఉంటుందేమో."

"అదేదో ముందు తీసేసి, తర్వాత తూచండి."

దర్జీ నవ్వబోయి, డాక్టరమ్మ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. ఆవిడ ఒక కాగితం ఇచ్చింది. బ్రెడ్డు, అన్నం, బంగాళాదుంప, చక్కెర, వీటన్నిటి మీదా అడ్డగీత. గుడ్లు, చేపలు, కోడిమాంసం, ఆకుకూరలు, క్యాబేజీ, దోసకాయ మాత్రం తినొచ్చు. నాలుగు నెలల గడువు. "ఇంట్లో తూకం మిషను పెట్టుకోకండి. రోజూ ఎక్కి దిగితే మనసు పాడవుతుంది. నెలకోసారి ఇక్కడ చూద్దాం. ఈలోపు మీ బట్టలే మీకు చెప్తాయి."

బ్రెడ్డు కోసి బతికే మనిషిని బ్రెడ్డు ముట్టొద్దనడం కాగితం మీద చాలా తేలిక. ఇక వీధిలో సలహాలకి లోటేముంది! వేణ్ణీళ్ళు తాగమని ఒకరు, మెట్లెక్కమని ఒకరు, నవ్వితే కొవ్వు కరుగుతుందని ఇంకొకరు. సన్నగా పుట్టడం కూడా ఒక చదువే అన్నట్టు మాట్లాడేవాళ్ళు. ఆమె అందరికీ తలూపి, నోరు కట్టేసుకుంది. కొసలు పక్కవాళ్ళకిచ్చేసి, డబ్బాలో తెచ్చుకున్న ఉడికించిన క్యాబేజీ నమిలేది. దర్జీ కూడా బ్రెడ్డూ అన్నం మానేశాడు.

"నువ్వెందుకయ్యా మానేయడం? ఉన్నదే నాలుగెముకలు."

"ఇద్దరికీ వేరువేరుగా వండుతావా ఏంటి?"

రెండు నెలలకి అతని ప్యాంటు నడుం మీద నిలవడం మానేసింది. ఆమె ఎనభైకి దిగింది. చెల్లెలు ఫోన్‌లో, "అక్కా, ఇదే లెక్కన పోతే నాలుగో నెలకి నువ్వు గాలికి ఎగిరిపోతావు, కిటికీలు మూసుకో" అంది.

మూడో నెల అలా పోలేదు. ఏమైందో ఏమో, అదే క్యాబేజీ, అదే గుడ్డు, వొళ్ళు మాత్రం మొండికేసింది. ఒక ఆదివారం చెల్లెలి ఇంటికి బయల్దేరుతూ ఆకుపచ్చ గౌను వేసుకుంది. ఆమెకున్నవాటిలో మంచిది అదొక్కటే, తొమ్మిదేళ్ళ కిందట అతను కుట్టింది. అద్దంలో చూసుకుని మంచం మీద కూలబడింది.

"చూడు. నెల్లాళ్ళ కిందట ఎక్కడ పట్టేసిందో అక్కడే పట్టేసింది. బ్రెడ్డు మానేశాను, చక్కెర మానేశాను. ఇంకేం మానేయాలి? గాలి పీల్చడమా? దాని ముఖం ఎలా చూడను నేను?"

ఆ ఏడుపు అతను చూడలేకపోయాడు. కస్టమర్లు కొట్లో కళ్ళు తుడుచుకుంటే ఏం చేసేవాడో అదే చేశాడు. ఇస్త్రీకని ఆమె బట్టలన్నీ ఎప్పుడూ కొట్టుకే వెళ్తాయి. సోమవారం పొద్దున షట్టరు సగం దించి, ఆకుపచ్చ గౌను తిరగేసి, పక్క కుట్లు విప్పాడు. రెండు పక్కలా అరంగుళం వదిలి మళ్ళీ కుట్టాడు. బేకరీ యూనిఫాముకీ అంతే. ఇస్త్రీ చేసి, మడతపెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంటికి తెచ్చాడు.

తర్వాతి ఆదివారం ఆమె నడుం దగ్గర గుడ్డ రెండు వేళ్ళతో పట్టి లాగి, "ఏమయ్యా! చూశావా? ఇంత వదులైంది!" అని గది మధ్యలో గిర్రున తిరిగింది. చిన్నపిల్లలా తిరిగింది. అతను చాలా సంతోషపడ్డాడు. ఎంత సంతోషమంటే, తను చేసిన పని ఏమిటో కాసేపు అతనికే గుర్తులేదు.

బట్టలు వదులైనప్పుడు భయం కూడా వదులవుతుంది. ఇంత కష్టపడ్డాను కదా, ఒక్క కొస తింటే ఏమవుతుందిలే అనుకుంది. మర్నాడు రెండు. గౌను ఇంకా వదులుగానే ఉంది. టీలో చక్కెర ఒక చెంచా పడింది.

మూడో నెల చివర డాక్టరమ్మ తూకం మిషను అంకె రెండుసార్లు చూసింది.

"ఎనభై రెండు. రెండు కిలోలు పెరిగారు."

"అలా ఎలా అవుతుంది డాక్టరుగారూ? నా బట్టలన్నీ లూజయ్యాయి! కావాలంటే ఈయన్నడగండి, దర్జీ ఈయన, ఈయనకి తెలుసు."

దర్జీ కుర్చీలో కూర్చుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఇంకో ఆరు వారాలు ఇస్తాను. మీ గడువు కంటే రెండు వారాలు ఎక్కువే. ఆ రోజు మా డాక్టర్లందరం కూర్చుంటాం. అప్పటికీ డెబ్భై ఆరుకి రాకపోతే మీ పేరు తీసేసి, మీ చెల్లెల్ని వేరే దాత కోసం వరుసలో పెట్టాలి. ఆ వరుసలో ఎన్నేళ్ళు పడుతుందో నేను చెప్పలేను. ఆవిడ అన్నేళ్ళు ఆగగలరో లేదో కూడా."

ఇంటికొచ్చాక ఆమె కాళ్ళు కడుక్కుని యూనిఫాం మార్చుకునేసరికి, అతను ఆకుపచ్చ గౌను తిరగేసి మంచం మీద పరిచి, పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏంటిది?"

"నేనే వదిలాను" అన్నాడు. "నువ్వు ఏడ్చిన మర్నాడు. రెండు పక్కలా అరంగుళం. యూనిఫాం కూడా."

ఆమెకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. గౌను ఎత్తి కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది. విప్పిన కుట్టు చోట సూది దిగిన చిల్లులు వరసగా, సన్నటి చుక్కల గీతలా కనిపిస్తాయి. ఏ దర్జీ ఎంత ఇస్త్రీ చేసినా ఆ గీత పోదు. అక్కడ ఒక్క గీత లేదు. ఒకదాని లోపల ఒకటి, ఐదు ఉన్నాయి.

"ఒకసారి వదిలానన్నావు?"

ఆమె ఒక గీత మీద వేలు పెట్టింది.

"ఇది ఎప్పటిది?"

"మీ అమ్మ పోయిన ఏడు."

"ఇది?"

"ఆస్పత్రి నుంచి ఖాళీ చేతులతో వచ్చాం కదా... ఆ ఏడు. నెలంతా పడుకునే ఉన్నావు. లేచాక ఇది వేసుకోబోతే పట్టలేదనుకో, అప్పుడు దానికి కూడా ఏడుస్తావని."

"ఇది?"

"అది నీకు మోకాలు దెబ్బతగిలి నడవలేనప్పుడు. ఆ పక్కది ఊరికే. ఊరికే పెరిగావు."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "బేకరీలో అందరికీ చెప్పానయ్యా! తొమ్మిదేళ్ళయినా అదే గౌను పడుతోంది, నా వొళ్ళు పెరిగే వొళ్ళు కాదు, డాక్టర్ల మిషన్లే తప్పు అని! నిన్న గాక మొన్న చేరిన అమ్మాయికి కూడా చెప్పాను!"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. ఆ నవ్వు సగంలో ఆమె గొంతు మారిపోయింది.

"ఇన్నాళ్ళూ వదిలావు, సరే. అది నా నడుము. ఇది దాని ప్రాణం. నాకు అబద్ధం కుట్టిపెడతావా?"

"నువ్వు ఏడుస్తుంటే చూడలేక..."

"చూడు. ఏడుస్తాను, చూడు. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఆ కొస ముట్టకుండా ఉండేదాన్ని. నా ఏడుపు నన్ను ఏడవనివ్వవేం?"

అతను ఇన్నేళ్ళలో అలాంటి మాట వినలేదు. చోటు వదలడమే ప్రేమ అనుకున్నవాడు.

"టేపు తే" అంది.

పెళ్ళయ్యాక ఆమెకి టేపు పెట్టింది లేదు. కంటి అంచనాతోనే కుట్టేవాడు. ఆమె చేతులు పైకెత్తి నిలబడింది. అతను నడుం చుట్టూ టేపు తిప్పి, వేలితో పట్టుకుని, అలవాటు కొద్దీ పెదాలు బిగించాడు.

"పైకి చదువు."

"ముప్పై తొమ్మిది."

ఆమె కిందికి చూసింది. "మళ్ళీ చదువు."

"...ముప్పై తొమ్మిదిన్నర."

"ఆ అరంగుళం ఎక్కడ దాచావు?"

గౌను కుట్లు మళ్ళీ చివరిసారి విప్పిన చోటికే లాగి కుట్టాడు. ఊపిరి పట్టి వేసుకుంటే గానీ పట్టలేదు. ప్రతి ఆదివారం ఆమె నిలబడేది, అతను చదివేవాడు. తగ్గని వారం కూడా చదివాడు. ఆ వారం ఆమె ఏడ్చింది. అతను టేపు చుట్టుకుంటూ పక్కనే కూర్చున్నాడు, నోరు తెరవకుండా. అంత కష్టమైన పని అతను జన్మలో చేయలేదు.

పదింటికి బేకరీలో వేడి బ్రెడ్డు దిగే వేళ ఆమె మనసు ఎక్కువ జారుతుందని తెలుసుకున్నాడు. రోజూ ఆ వేళకి కొట్టు వదిలేసి, ఉడికించిన గుడ్లు రెండు పట్టుకుని వెళ్ళేవాడు. కౌంటరు దగ్గర అమ్మాయిలు అతన్ని చూడగానే అరిచేవాళ్ళు: "అక్కా, మీ అరంగుళం మాస్టారొచ్చారు, గుడ్లు పెట్టడానికి!"

"పెట్టనీవే. మీ ఆయన ఎప్పుడైనా పెట్టాడా?" అనేది ఆమె, ఒలుచుకుంటూ.

ఆరు వారాలయ్యాయి. ఆస్పత్రిలో ఆమె చెప్పులు విప్పింది, తాళాలు తీసి అతని చేతికిచ్చింది, జడలోంచి క్లిప్పులు కూడా తీసిచ్చింది. మిషను ఎక్కి కళ్ళు మూసుకుంది.

"డెబ్భై ఐదున్నర" అంది డాక్టరమ్మ.

"పైకి చదవండి డాక్టరుగారూ."

"పైకే చదివానమ్మా."

పక్క వార్డులో డయాలసిస్ మిషను పక్కన పడుకున్న చెల్లెలికి చెప్పడానికి ఇద్దరూ వెళ్ళారు. ఆ పిల్ల సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు కాబట్టి రెండో చేత్తో అక్క గడ్డం పట్టుకుంది. "పది కిలోలు పోగొట్టుకుని నాకు నూట యాభై గ్రాములు ఇస్తావా? ఏ లెక్కల టీచరూ ఒప్పుకోదక్కా దీన్ని." అని నవ్వుతూనే ముఖం అటు తిప్పేసుకుంది.

దర్జీ డాక్టరమ్మ గదికి ఒక్కడే మళ్ళీ వెళ్ళాడు. తలుపు దగ్గర నిలబడి అడిగాడు. "ఏ పక్క కోస్తారమ్మా? ఎంత పొడుగు?"

"ఎందుకు?"

"కుట్టు మీద కుట్టు ఒరుసుకుంటే మంటగా ఉంటుంది."

ఆవిడ మొదటిసారి నవ్వింది. కాగితం మీద మనిషి బొమ్మ గీసి చూపించింది. ఇచ్చే మనిషికి ఎడమ పక్క. పుచ్చుకునే మనిషికి ముందు వైపు, కుడి పక్కన కింద. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మెత్తటి నూలు గుడ్డ తెచ్చాడు. రెండు గౌన్లు, ముందు నుంచి విప్పుకునేలా. అక్కకి ఎడమ పక్క కుట్టు రాకూడదు, చెల్లెలికి బొత్తాలు కుడి వైపు రాకూడదు. మధ్యాహ్నం భార్య బేకరీ నుంచి కొట్టుకి వచ్చేసరికి గుడ్డ బల్ల మీద పరిచి ఉంది, సుద్ద గీతలన్నీ గీసి ఉన్నాయి. ఎడమ పక్క గీత దగ్గర కత్తెర నోరు తెరిచి, అతను అలాగే నిలబడిపోయి ఉన్నాడు.

ఆమె అద్దం పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. అతని ముఖం చూసింది, గుడ్డ చూసింది.

"కొయ్యవయ్యా" అంది మెల్లగా. "ఏం కాదులే, కొయ్యి."