బోర్లా పెట్టిన పొర

పల్చటి పొరలు పరచడం ఆయన ఉద్యోగం. పరిశోధనశాలలో అందరికీ బాబాయే. అద్దంలా మెరిసే సిలికాన్ బిళ్ల మీద పాలిమర్ చుక్క వేసి గిర్రున తిప్పితే, కంటికి ఆననంత పల్చటి పొర పరుచుకుంటుంది. ఆ పాలిమర్‌లో ఒక్కో అణువూ ఒక పొడవాటి గొలుసు, దానికి రెండు సగాలు. ఒకదానికొకటి గిట్టదు, విడిపోదామంటే ముడిపడి ఉన్నాయి. "అచ్చం మా ఇల్లే" అనేవాడు బాబాయ్, భార్య దరిదాపుల్లో లేదని చూసుకుని. అవి కీచులాడుకుంటూనే చారలుగా సర్దుకుంటాయి. ఆ చారలు పడుకుంటే పైనుంచి కనబడవు కాబట్టి, నిటారుగా నిలబడేందుకు అందులో నానో రేణువులు కలుపుతారు. అవి తయారుచేసే అమ్మాయిది పక్క గది.

కొత్త రకం బిళ్లలు వచ్చినప్పటినుంచి చారలు మాయమయ్యాయి. మైక్రోస్కోపులో చూస్తే నున్నటి మైదానం.

సమావేశంలో పరిశోధనశాల నడిపే పెద్దాయన కారణం అడిగితే, బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నా పనిలో లోపం లేదండీ. రేణువులే బాగాలేవు."

"నా రేణువులు మిమ్మల్నేం చేశాయి బాబాయ్?" అంది అమ్మాయి.

"ఏమీ చెయ్యట్లేదమ్మా. గొడవంతా అదే!"

అందరూ నవ్వారు, అమ్మాయి తప్ప. రేపటికి చారలు కనబడకపోతే రేణువుల పని ఆపేసి ఆమెను పంపేస్తామని పెద్దాయన తేల్చేశారు.

ఆ రాత్రి ఇంట్లో భోజనానికి కూర్చుని బాబాయ్ పరధ్యానంగా గ్లాసులో నీళ్లు పోశాడు. నీళ్లు గ్లాసు నెత్తిన పడి, బల్ల మీదుగా ఆయన ఒళ్లోకి చేరాయి.

"దుమ్ము దుమ్మంటూ గ్లాసులన్నీ బోర్లించేదీ మీరే, తిప్పడం మర్చిపోయేదీ మీరే. ఇక గ్లాసును తిట్టండి!" అంది భార్య.

బాబాయ్ తిట్టలేదు. తడిసిన ప్యాంటుతో అలాగే కూర్చుండిపోయాడు. దుమ్ము పడకూడదని పొర పరచిన బిళ్లలను కూడా ఆయన బోర్లా పెడతాడు, బిళ్ల అంచులు మాత్రమే ఆనే డబ్బాలో. పాత బిళ్లలకు వీపు గరుకు. అది కనబడగానే తిప్పి మైక్రోస్కోపు కింద పెట్టేవాడు. కొత్తవాటికి రెండువైపులా ఒకటే మెరుపు. అంటే ఇన్నాళ్లూ తను తదేకంగా చూసింది వాటి వీపు.

మర్నాడు పెద్దాయన రాకముందే అమ్మాయి దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇద్దరూ బిళ్ల తిప్పి చూశారు. చారలు దువ్విన జుట్టులా తీరుగా ఉన్నాయి.

"పోన్లే బాబాయ్, పెద్దాయనతో నేనేదో సర్దిచెబుతా."

"వద్దమ్మా. నలుగురిలో అన్నది నలుగురిలోనే మింగాలి."

సమావేశంలో అందరి ముందూ మింగాడు. పెద్దాయన కిటికీవైపు తిరిగారు. నవ్వు ఆపుకోలేక ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి. అమ్మాయి పని ఆగలేదు.

ఇప్పుడు ప్రతి బిళ్ల వీపు మీదా ముందుగా ఒక గీత గీస్తారు. దాన్ని అక్కడ బాబాయ్ గీత అంటారు. ఇంట్లో గ్లాసులకు గీతలు పెట్టలేదు. నీళ్లు భార్యే పోస్తోంది.