మాస్టారి పక్కన కూర్చున్న పిల్ల

మా బడి లెక్కల మాస్టారు రోజూ ఉదయం గొడుగు వాయించుకుంటూ వచ్చేవారు. మడిచిన గొడుగును పెదవుల కింద అడ్డంగా పట్టుకుని, ఆనాటి పాఠం మనసులో పాడుకుంటూ, కర్ర మీద వేళ్లు లేపుతూ దించుతూ నడిచేవారు. వాన పడుతున్నా అంతే, తడిసేవారు గాని గొడుగు విప్పేవారు కాదు. వీధి మొదట్లో దర్జీ కుట్టుమిషన్ ఆపి, "మాస్టారూ, ఇవాళ గొడుగు శ్రుతిలో ఉందా?" అని అడిగేవాడు.

"నాకంటే నయంగానే ఉందయ్యా" అని నవ్వి సాగిపోయేవారు.

ఆయనకు సంగీతం రాదు. ఈ సంగతి ఆయనే అందరికీ చెప్పేవారు. ఎవరో పుణ్యాత్ములు మా ప్రాథమిక పాఠశాలకు ఇరవై వెదురు వేణువులు పంపారు గాని, నేర్పే మనిషిని పంపలేదు. ఏడాదిపాటు అవి బీరువాలో సుద్దముక్కల పెట్టెల పక్కన పడి ఉన్నాయి. ఒకరోజు పెద్ద టీచరు, "ఎవరో ఒకరు పూనుకోకపోతే వీటిని చెదలకు అప్పజెప్పాల్సిందే" అన్నారు. మేం టీచర్లందరం టీ కప్పుల్లోకి తొంగి చూసుకున్నాం. తల దించుకోవడం మరిచిపోయినవారు మాస్టారొక్కరే. పని ఆయన నెత్తిన పడింది.

బడి దగ్గర క్షవరాలు చేసే సెలూన్ ఆయనకు వేణువు బాగా వచ్చు. మాస్టారు బడి వదలగానే అక్కడికి వెళ్లి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఒక పాఠం నేర్చుకుని, మర్నాడు అదే పాఠం పిల్లలకు చెప్పేవారు. సెలూన్ ఆయన ఏమీ పుచ్చుకోనన్నాడు. ఊరికే నేర్చుకోవడానికి మొహమాటపడి మాస్టారు వారానికోసారి క్రాపు చేయించుకునేవారు. ఆ ఏడాది ఆయన తల మీద వెంట్రుకకు ఎదిగే తీరిక దొరకలేదు.

నాలుగో తరగతి నుంచి పంతొమ్మిది మంది చేరారు. వాళ్లలో ఒక పిల్లను అందరూ పిచ్చుక అనేవాళ్లు. వాళ్లమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. పిల్లకు చూపు కాస్త మందం. దూరం నుంచి వేళ్లు కనబడడం లేదంటే, మాస్టారు తన బెంచీ మీదే పక్కన కూర్చోబెట్టుకున్నారు. తక్కిన పద్దెనిమిది మందీ ఎదురుగా కూర్చునేవాళ్లు. పిచ్చుక ఊదడం మొదలుపెడితే పక్క గదిలో నా రెండో తరగతి పిల్లలు ఎక్కాలు ఆపేసేవాళ్లు. నేనూ కోప్పడేదాన్ని కాదు. దేవుడు ఒక్కొక్కరి ఊపిరిలో ఏదో ఒకటి దాచి పంపుతాడు. దాన్ని వినే మనిషిని పక్కన కూర్చోబెట్టడం కూడా ఆయన దయే.

ఆ ఏడాది చివర్లో పట్నంలోని సంగీత పాఠశాల నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. ఏటా పదిమంది పిల్లలను ఎంచి, తిండీ బట్టా పెట్టి ఉచితంగా నేర్పిస్తారట. పిచ్చుక వాయించింది విని ఆవిడ ఇంకోసారి వాయించమన్నారు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "ఒక మాట అడగనా? తక్కిన పిల్లలందరూ వేణువు కుడివైపుకు పట్టారు. మీరూ ఈ పాపా ఎడమవైపుకు పట్టారు. ఎందుకని?" అన్నారు.

మాస్టారు పిల్లల వైపు చూశారు. తన చేతుల వైపు చూసుకున్నారు. లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. సెలూన్ ఆయనకు ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసుకున్నట్టు చూసి నేర్చుకోవడం వల్ల ఆయన కుడి ఈయనకు ఎడమైంది. తక్కిన పిల్లలు మాస్టారికి ఎదురుగా కూర్చుని అలాగే చూసి నేర్చుకునేసరికి తప్పు తిరగబడి ఒప్పయింది. పక్కన కూర్చున్న పిచ్చుకకు మాత్రం మాస్టారి తప్పు ఉన్నదున్నట్టుగా వచ్చేసింది.

"ఒంటరిగా వాయించేవాళ్లు ఎటు పట్టుకున్నా నష్టం లేదు. మా దగ్గర వరసలో కూర్చోవాలి, మోచేతులు తగులుతాయి. ఎంపిక కూడా వరసలో కూర్చోబెట్టే చేస్తారు" అన్నారు టీచరమ్మ. "ఆరు వారాలుంది. ఈలోగా కుడికి తిప్పుకుంటే చోటు ఈ పాపదే."

ఆ సాయంత్రం మాస్టారు సెలూన్ ఆయన్ని నిలదీశారట. "మీది ఎడమచేతి వాటం అనుకున్నాను మాస్టారూ. లెక్కలు చెప్పేవారికి కుడేదో ఎడమేదో నేను చెప్పాలా?" అన్నాడట ఆయన.

మర్నాడు మాస్టారు ఏదీ దాచకుండా పిల్లలతో చెప్పేశారు. "నేను తప్పు నేర్పాను. మీరు ఒప్పు నేర్చుకున్నారు. గొప్పతనమంతా మీదే." పిల్లలు పడీ పడీ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు.

"నేను తిప్పను" అంది.

"తిప్పకపోతే పట్నం ఎలా పోతావే?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పోనులే. మాస్టారు పట్టినట్టే పడతాను."

నాలుగు రోజులకు వాళ్లమ్మ వచ్చింది. మాస్టారు తన కుర్చీ ఆమెకు వేసి తాను నిలబడ్డారు. "మీతో గట్టిగా పోట్లాడదామనే వచ్చాను" అంది ఆమె. "మీరిలా కుర్చీ వేస్తే ఎలా పోట్లాడేది? ఇంట్లోనూ ఇదే వరస మాస్టారూ. కుడికి తిప్పమంటే అసలు ఊదడమే మానేస్తానంటోంది. ఈ చోటు పోతే మళ్లీ నేనెక్కడ తెచ్చేది?"

ఆ పిల్లది ఒట్టి మొండితనం కాదని నాకు తెలుసు. అంతకుముందు రోజు కుళాయి వెనక ఎవరూ చూడడం లేదనుకుని వేణువు కుడికి పెట్టి చూసుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. గబగబా ఒళ్లో దాచేసుకుంది. అందరికంటే బాగా వాయించే పిల్ల, అందరికంటే వెనకబడడానికి భయపడుతోంది. ఈ మాట నేను మాస్టారి చెవిన వేశాను.

ఆ మర్నాడు బెంచీ మీద పిచ్చుక పక్కన కూర్చుని, మాస్టారు తన వేణువునే కుడికి తిప్పారు. క్లాసంతా చూస్తుండగా ఊదారు. మూత సరిగ్గా పడని కెటిల్లో నీళ్లు కాగినట్టు ఒక చప్పుడు వచ్చింది. మళ్లీ ఊదారు. ఈసారి అదీ రాలేదు. పిల్లలు బల్లల మీద పడి నవ్వారు. చెవులు ఎర్రబడినా ఆయన ఆపలేదు.

పిచ్చుక కాసేపు కళ్లు చికిలించి చూసింది. "మోచెయ్యి మరీ పైకెత్తారు" అంది చివరికి.

"ఎంత దించాలి?"

చెప్పడానికి మాటలు దొరక్క తన వేణువు తీసి కుడికి పెట్టి చూపించింది. ఊదింది. తనకూ గాలే వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూశావా తల్లీ, నీకూ నాకూ ఒకటే గాలి" అన్నారు మాస్టారు. "నాకొక సాయం చెయ్యాలి నువ్వు. రోజూ గంట కొట్టక ముందు ఒక పావుగంట వచ్చి, నాకీ కుడివైపు నేర్పి పెట్టు. నేను మందమతిని. నవ్వొస్తే నవ్వు, నేనేమీ అనుకోను. మధ్యలో మాత్రం వదిలెయ్యకు."

పిచ్చుక తన వేణువు ఒళ్లో పెట్టుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని కాస్త కిందికి దించింది.