ఓడగడ్డి పీకిన దిబ్బ

గుడివాడ నల్లరేగడిలో పుట్టిపెరిగిన నన్ను తెచ్చి దివిసీమ ఇసుకలో పారేశారని పెళ్ళయిన కొత్తలో రోజూ సణిగేదాన్ని. పాలకాయతిప్ప దారిలో, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో మా అత్తవారిల్లు. ఇంటి వెనక ఇసుక దిబ్బ, దాని నిండా నడుమెత్తు గడ్డి. దాన్ని ఓడగడ్డి అనేవారు. పింగాణీ సామాను పగలకుండా పెట్టెల్లో కుక్కి ఓడల మీద బందరు రేవుకి పంపే గడ్డిట. దాని గింజలు ఎలా వచ్చాయో ఇంత దూరం వచ్చి దిబ్బని మింగేశాయి. గొడ్డు మూతి పెట్టేది కాదు, పిట్ట వాలేది కాదు. ఆకు కదలని మధ్యాహ్నం కూడా అందులోంచి ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు చప్పుడయ్యేది. ఎండాకాలం నిప్పురవ్వ పడితే దిబ్బంతా భగ్గుమనేది. తొలకరి పడగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ అదే మొలిచేది.

మా మావగారు బడిపంతులుగా చేసి మానుకున్నారు. ఊరికే కూర్చోలేక, ఓడగడ్డి వేళ్ళతో సహా పీకించి, వెనకటిలా ఇసుక మీద పాకే బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు పెంచుతానని పట్టుబట్టారు. మీసాలంటే ఇసుకలో బతికే ముళ్ళగడ్డి. దాని ఎండుగుత్తులు గాలికి బంతుల్లా దొర్లిపోతుంటాయి. "గడ్డి పీకి గడ్డి నాటే పంతులుగారు" అని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మా అత్తగారు మాత్రం నవ్వలేదు. మా ఆయన కంటే ముందు ఆవిడకో ఆడపిల్ల పుట్టి, పురిట్లోనే పోయింది. పురిటిబిడ్డని కాల్చరు, పూడుస్తారు. పక్కన చిన్న మట్టిముంతలో పాలు పెట్టి, నక్కలు తవ్వకుండా పైన మీసాల దుబ్బు నాటి వస్తారు. తల్లి వెంట వెళ్ళకూడదు, చోటు అడగకూడదు. ఆవిడ మాత్రం అడుగుతూనే ఉన్నారు. దిబ్బ మీదేనని తెలుసు, దిబ్బ మీద ఎక్కడన్నదే తెలియదు. ఆ మాట ఎత్తితే చాలు, మావగారు కండువా దులుపుకుని లేచిపోయేవారు.

"అదొక్కటి తెలిస్తే ప్రాణం హాయిగా పోతుందే, అమ్మాయ్" అనేవారు నాతో. నాకు మావగారి మీద ఒళ్ళు మండిపోయేది. ఏం చాదస్తం, ఏం రాతిగుండె!

వైశాఖంలో కూలీలు పని మొదలుపెట్టారు. ఓ రోజు ఒకతను బలంగా లాగితే వేళ్ళతో పాటు చిన్న ముంత పైకొచ్చింది. లోపలంతా తెల్లటి వేళ్ళు. ముంత అతని చేతిలోనే పగిలి పెంకులు రాలిపోయాయి. వేళ్ళు మాత్రం ముంత ఆకారంలోనే గుండ్రంగా నిలిచి ఉన్నాయి. అతను దాన్ని ఇసుకలో పెట్టి, దణ్ణం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఎవరూ రాలేదు. మిగిలిన గడ్డి అంతా మావగారే పీకారు, చేతులు పుళ్ళు పడుతున్నా ఆపకుండా.

వానలకి బాలబంద ముక్కలు పాతాం. మీసాల గుత్తులు చల్లి తొక్కాం. తీగ పాకింది గాని, మేం చల్లినచోట మీసాలు మొలవలేదు. చల్లకుండా వదిలినచోట మొలిచాయి. ఎన్నేళ్ళుగా ఆ గడ్డి కింద ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయో, దుబ్బులు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఏ దుబ్బుకా దుబ్బు విడిగా, మధ్యన ఉయ్యాల పట్టేంత చోటు వదిలి. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. దిబ్బ వైపు పోవద్దన్నారు. పెరటి గుమ్మంలో నిలబడి చూస్తుంటే రోజురోజుకీ దుబ్బులు ఎక్కువవుతున్నాయి. ఇంతమంది పిల్లలా అనుకున్నాను. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది.

ఓ సాయంత్రం అత్తగారు ఎవరితోనూ చెప్పకుండా దిబ్బెక్కారు. మావగారు అక్కడే ఉన్నారు. పోవద్దన్న మాట పక్కనపెట్టి నేనూ వెనకే వెళ్ళాను.

"ఇప్పుడైనా చూపించండి" అన్నారావిడ.

ఆయన ఒక దుబ్బు వైపు చూశారు. ఇంకోదాని వైపు చూశారు. ఆ చూపు చూసి నాకు భయం వేసింది.

"నాకు తెలీదే" అన్నారు చివరికి. "ఓడగడ్డి కమ్మేసినప్పుడే గుర్తు పోగొట్టుకున్నాను. ఆ మాట నీతో చెప్పలేకపోయాను. గడ్డి తీస్తే కనిపిస్తుందనుకున్నాను. ఇన్ని ఉంటాయనుకోలేదు."

అత్తగారు ఏడుస్తారనుకున్నాను, తిడతారనుకున్నాను.

"ఏదో ఒకటి చూపించండి" అన్నారు. "నేను నమ్ముతాను."

ఆయన చెయ్యెత్తి చూపించారు. ఆవిడ ఆ దుబ్బు పక్కన కూలబడి ఇసుక మీద అరచెయ్యి ఆనించారు. చీకటి పడేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున్నే వీధి తలుపు తీసేసరికి మా గుమ్మం ముందు ఊళ్ళో ముసలావిడ ఒకరు నిలబడి ఉన్నారు. "పంతులుగారున్నారా అమ్మా? గడ్డి తీయించారటగా. నా పిల్లాడెక్కడున్నాడో చూపిస్తారేమోనని" అన్నారు. ఆవిడ వెనక ఇంకొందరు ఆడవాళ్ళు.

మావగారు కండువా వేసుకుని బయటికొచ్చారు. "రండమ్మా" అని దిబ్బ వైపు దారి తీశారు. బడిలో అబద్ధమాడిన పిల్లల వేళ్ళు వాచేలా కొట్టిన మనిషి ఆ పూట ఎండెక్కేదాకా ఒక్కొక్క తల్లికీ ఒక్కో దుబ్బు చూపిస్తూ తిరిగారు.