గంజి పెట్టని పడుగు

1941లో అమీర్‌పేటలోని ఒక చిన్న తెలుగు బడిలో నేను ఒకటో తరగతికి పాఠాలు చెప్పేవాణ్ణి. అక్కడ ఒక మూగపిల్లకు నా కథ వల్ల మాటలు వచ్చాయని పంజాగుట్ట దాకా చెప్పుకున్నారు. అందులో నేను స్వయంగా చూసినది ఇంతే: రాజవ్వ అనే ఆరేళ్ళ పిల్ల నాలుగు నెలలు బడిలో ఒక్క మాటా మాట్లాడలేదు, ఒక ఉదయం మాట్లాడింది. పుట్టుమూగ అన్నది ఇరుగుపొరుగు మాట. ఇంట్లో బాగానే మాట్లాడుతుందన్నది తండ్రి మాట. నేను వినలేదు గనుక దాన్నీ విన్నమాటల్లోనే ఉంచుతున్నాను.

రసాయనశాస్త్రం చదివి వచ్చిన నాకు కథలతో చదువు చెప్పడంపై నమ్మకం లేదు. పెద్ద పంతులుగారి ఆదేశం గనుక రోజూ అరగంట చెప్పేవాణ్ణి. పిల్లలు ఆచారం ప్రకారం వాక్యవాక్యానికీ ఊ కొట్టేవారు. ఊ ఆగనంతవరకు కథ అర్థమవుతున్నట్టేనని ఆయన అభిప్రాయం. రాజవ్వ కూడా ఊ కొట్టేది. అంతకుమించి ఆమె గొంతు మేమెరుగం.

తండ్రి మల్లేశం సిద్దిపేట వైపు నేతకుటుంబం నుంచి వచ్చి, పంజాగుట్టలో దర్జీపని చేసేవాడు. ఒకరోజు బడికి వచ్చాడు.

“పలక మీద రాస్తది, అడిగితే చెప్పది. గిట్లయితే బడెందుకు పంతులూ? దుకాణంల గుండీలన్న కుడ్తది.”

“జర ఆగు మల్లేశం. పిల్ల చెవులు మంచిగనే ఉన్నయి.”

“చెవులతోని చదువొస్తదా? అమాస దాకా చూస్త. అటెన్క నన్ను అడగొద్దు.”

అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ పిల్ల కోసమే ఒక నేతగాడి కథ కల్పించాను. నేతపని గురించి నాకేమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా అప్పుడు తోచలేదు. నేతగాడు పడుగును, అంటే బట్టలో నిలువుగా సాగే నూలును, ఉన్నదున్నట్టు మగ్గానికెక్కించి చీర నేశాడనీ, నేశాకనే గంజి పెట్టాడనీ చెప్పాను. తరగతి ఊ కొట్టింది. రాజవ్వ కొట్టలేదు.

నిద్రపోయిందేమోనని చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. అదే వాక్యం మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆమె తప్ప అందరూ ఊ అన్నారు.

“ఏమైంది రాజవ్వా?”

“గట్ల కాదు పంతులూ,” అంది చిన్నగా. “ముందుగాల గంజి పెడ్తరు. లేకుంటే పోగులు పుటుక్కున తెగుతయి. మా అవ్వ చూస్తే నిన్ను తిడ్తది.”

“అరే, గీ పిల్ల మాట్లాడుతుంది,” అన్నారెవరో వెనకనుంచి.

“మరి ఎట్ల పెడ్తరో నువ్వే చెప్పు,” అన్నాను.

వీధిలో పడుగు ఎలా చాపుతారో, కుంచెతో గంజి ఎలా రాస్తారో, ఎండ ముదరకముందే ఎందుకు ముగించాలో ఆమె చెప్పింది. మిగతా కథ ఆ రోజు సాగలేదు.

సాయంత్రం దుకాణానికి వెళ్ళి ఆ వివరాలు సరిచూసుకున్నాను.

“పిల్ల చెప్పిందే ఖరారు. నీకెవరు చెప్పిండ్రు గట్ల?” అన్నాడు మల్లేశం.

“ఎవరూ చెప్పలే. నేనే అనుకున్న.”

“గంత చదివినోనివి, నన్నొక్కపారి అడగకపోతివి.” కుట్టుమిషన్ ఆపి మళ్ళీ అడిగాడు. “బళ్ళె, అందరి ముంగట చెప్పిందా? మా రాజవ్వనే?”

అమావాస్య దాటింది. రాజవ్వ బడికి వస్తూనే ఉంది.

తర్వాత నేను కావాలనే కథల్లో తప్పులు చేర్చి చూశాను. కుమ్మరి కుండను ముందు కాల్చి, తర్వాత సారె మీద, అంటే కుమ్మరి చక్రం మీద, పెట్టాడన్నాను. చాలామంది మర్యాదగా ఊ కొట్టారు. ఊ వినయానికి గుర్తే తప్ప అర్థమైందనడానికి సాక్ష్యం కాదని అప్పుడు తెలిసింది. ఊ ఎక్కడ ఆగుతుందో గమనించడం నేర్చుకున్నాను. ఎవరి పని గురించి కథ చెప్పాలన్నా ముందు వాళ్ళ దగ్గరకు వెళ్ళి అడగడం కూడా.

ఒక్కటి మాత్రం తేలలేదు. ఆమెను మాట్లాడించినది కథా, కథలోని తప్పా? తేల్చడానికి కంట్రోల్ కావాలి. అంటే అలాంటి మరో పిల్లకు కథ లేకుండా ఉత్త తప్పును మాత్రమే వినిపించి, ఫలితాన్ని పోల్చాలి. మాట్లాడని పిల్లలు తర్వాతి ఏళ్ళలో ఇద్దరు వచ్చారు. వాళ్ళకు కథ చెప్పకుండా ఉండడం నా వల్ల కాలేదు.